దొరసాని తోటలో ఋతువులు రద్దు

మా ఊరి దొరసాని తోటలో ఋతువులు రద్దయ్యాయి. వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడూ ఒకే ఆర్డరుతో పోయాయి. ఆ ఆర్డరు కాపీని గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెట్టి, ఎండ పడి అక్షరాలు వెలిసిపోకుండా పైన గుడ్డ కప్పారు. కాబట్టి అది భద్రంగా ఉంది. ఎవరూ చదవలేదు.

ముందు తోట సంగతి. ఒకప్పుడు మా ఊళ్లో ఉద్యోగం వెలగబెట్టిన దొరగారి భార్యకి మా ఎండలు పడలేదట. నీడ కోసం ఈ తోట వేయించింది. మొక్కలు నీడనిచ్చే వయసుకి వచ్చేసరికి ఆవిడ ఓడెక్కి వెళ్లిపోయింది. నీడ మాకు మిగిలింది. మధ్యలో గుండ్రటి బ్యాండు స్టాండు, దాని చుట్టూ పూలమళ్లు, ఓ మూల గ్లాసు హౌసు, ప్రహరీ అవతల బస్టాండు. చలికాలంలో చామంతుల, డేలియాల ప్రదర్శన పెడితే పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చి, పూలు చూసి, బజ్జీలు తిని వెళ్లేవారు. వేసవి సాయంత్రాలు బుర్రకథలు, ఉగాదికి కవి సమ్మేళనం. వీటన్నిటికీ మైకు సెట్టు నాది. నూకరాజు సౌండ్ సర్వీస్. ఈ ఊళ్లో గొంతున్న ప్రతివాడూ నా మైకు ముందు దగ్గినవాడే. తర్వాత డీజే బాక్సులు వచ్చాయి. వాటి గురించి నేను మాట్లాడను. మాట్లాడినా వినపడదు.

కిందటేడు ఉగాది నాడు పై ఆఫీసు నుంచి సర్వేయరు ఒకాయన వచ్చాడు. తోటకి హెరిటేజి హోదా ఇవ్వాలంటే ఫైల్లో ఫొటో ఉండాలన్నాడు. చలికాలంలో తీసిన పూల ఫొటోలు చాలా ఉన్నాయని తోట మేస్త్రి ధర్మయ్య చూపించబోతే, పాతవి పనికిరావని, టీ తాగుతూ చేతిలో ఫోనుతో ఒకటి లాగాడు.

"ఇంకోటి తియ్యండి బాబూ, ఇందులో కుక్క పడింది," అన్నాడు ధర్మయ్య.

"ఫైలుకి ఒకటి చాలు," అన్నాడు సర్వేయరు.

ఆ ఫొటో పైకి వెళ్లింది, అక్కణ్నుంచి ఇంకా పైకి వెళ్లింది. ఎండలు ముదిరేసరికి హోదా కిందికి దిగింది. దాని వెనకే ప్రత్యేకాధికారి హయగ్రీవరావు గారు దిగారు. ఆయన చదివిన ఆర్డరు ఇదీ: "సదరు ఉద్యానవనము ఆధార ఛాయాచిత్రమునందు ఏ స్థితిలో కనబడుచున్నదో, అదే స్థితిలో, ఎట్టి కూడికలును తీసివేతలును లేకుండ, ప్రతిదినము సాయంకాలము శాశ్వతముగా పరిరక్షింపబడవలెను."

సాయంకాలమే ఎందుకంటే ఫొటోలో నీడలు సాయంకాలానివి.

ఫొటోని లారీ అంత పెద్దది చేసి గేటు దగ్గర నిలబెట్టారు. ఊరంతా చూడ్డానికి వెళ్తే నేనూ వెళ్లాను. ముందు నాకు నా వీపు కనబడింది. వేపచెట్టుకి హారను కడుతూ నిచ్చెన మీద ఉన్నాను, గళ్ల చొక్కాలో. బాగానే ఉంది. బ్యాండు స్టాండులో కవిగారు ఎడం చెయ్యి పైకెత్తి నోరు బార్లా తెరిచి ఉన్నారు. ఎదురుగా కుర్చీల్లో నలుగురు శ్రోతలు. ఇద్దరు నిద్రపోతున్నారు, ఒకాయన చెవిలో పుల్ల పెట్టుకున్నాడు, నాలుగో ఆవిడ కవిగారి భార్య. పచ్చిక ఎండిపోయింది. నేల నిండా వేపాకు. పూలమళ్లలో చామంతి మోళ్లు. నా నిచ్చెన కింద బెంచీ, బెంచీ కింద ఎర్రకుక్క.

"బావా," అన్నాడు గేటు గార్డు లోవరాజు, నా భుజం మీద గడ్డం ఆనించి. "ఆ బెంచీ మీద ఉన్నది మనమ్మాయిలా లేదూ?"

"అలాంటి పిల్లలు ఊళ్లో బోలెడుమంది."

"మన సత్యవేణి చుడీదారు కూడా బోలెడుమందికి ఇచ్చేసిందా ఏంటి?"

అది మా అమ్మాయే. బెంచీకి ఆ చివర కూర్చుని మొహం అటు తిప్పుకుంది. ఈ చివర కూర్చుని మొహం ఇటు తిప్పుకున్నవాడు వీరబాబు. డీజే వీరబాబు. నా వ్యాపారానికి నిప్పెట్టిన బాక్సులు వాడివే. ఇద్దరికీ మధ్య నా రెండో మైకు ఉంది, దాని మీద ఎర్రలైటు వెలుగుతోంది. కన్నకూతురు డీజే వాడితో బెంచీ మీద కూర్చుంటే, ఆ పైన నిచ్చెన మీద కన్నతండ్రి వీపు. రాష్ట్రమంతా చూసేలా.

ఇంటికెళ్లి అడిగితే, "గొడవైపోయింది నాన్నా, మాట్లాడుకోడం లేదు," అంది సత్యవేణి. మొహం చూస్తే అబద్ధంలా లేదు. "అయిపోయిందాన్ని మళ్లీ కెలుకుతారేంటి?" అని మా ఆవిడ మంగతాయారు నా మీదే పడింది.

మర్నాడు ఫొటోలో ఉన్నవాళ్లందరినీ గ్లాసు హౌసుకి పిలిపించారు. కుక్కతో సహా.

"నేటి నుండి మీరు సామాన్య పౌరులు కారు," అన్నారు హయగ్రీవరావు గారు. "చరిత్రాంశములు. ప్రతి సాయంకాలము మీమీ స్థానములలో, మీమీ భంగిమలలో ఉండవలెను."

"రాకపోతేనండి?" అన్నాను.

"మీరు ఎంతవరకు చదివారు?"

"ఏడులో సగం వరకండి."

"అయితే తేలికగా చెబుతాను. మీరు ప్రభుత్వ సంపద. సంపద తన చోటు నుంచి మాయమైతే దొంగతనం. మీరు రాకపోతే, మిమ్మల్ని మీరు దొంగిలించినట్టు కేసు నమోదవుతుంది."

"దొరికిన సొత్తు ఎవరికి అప్పగిస్తారండి?" అని వీరబాబు అడిగాడు. వాడి ప్రశ్న నాకు నచ్చింది గానీ పైకి కనబడనివ్వలేదు.

సత్యవేణి లేచింది. "అయ్యా, ఆ రోజు మాకు పోట్లాటైందండి. ఇతని మొహం చూడనని అనేశాను. మళ్లీ పక్కన కూర్చోమంటే ఎలాగండి?"

"మొహం చూడమని ఎవరన్నారు?" అన్నారాయన ఆనందంగా. "మీ ఇరువురిదీ విముఖ స్థితి. దానిని యథాతథంగా కాపాడడమే మా బాధ్యత."

ఆ మాట వినగానే నాకు కడుపులో చల్లగా అనిపించింది. ఆడపిల్ల తండ్రికి ఇంతకన్నా ఏం కావాలి? నా కూతురు ఆ డీజే వాడి వైపు తల తిప్పకుండా ప్రభుత్వమే గార్డుని పెట్టి చూసుకుంటుంది. లోవరాజు చేతికి ఈల ఇచ్చారు. రోజూ సాయంత్రం ఇద్దరి మధ్య దూరం బెత్తంతో కొలిచేవాడు.

కవిగారు మాత్రం పొంగిపోయారు. "జీవితాంతం నా కవితకి వేదిక దొరికింది!" అన్నారు. శ్రోతలుగా నలుగురికి మించి ఉండరాదని, అందులో ఇద్దరు నిద్రపోతూనే ఉండాలని తెలిసినప్పుడు కాస్త నొచ్చుకున్నారు. ఐదో మనిషి ఎవరో పాపం నిజంగా కవిత్వం వినాలని వస్తే లోవరాజు మెడపట్టి గెంటేశాడు. చెవిలో పుల్ల పెట్టుకున్నాయనకి చెవి బాగైపోయింది. అయినా రోజూ వచ్చి తిప్పుకుంటున్నాడు.

అప్పుడు వానలు వచ్చాయి.

తొలకరి పడగానే దొరసాని తోట ఆర్డరుని ధిక్కరించింది. ఎండిన పచ్చిక పచ్చబడింది. వేపచెట్టు ముదురాకులు వేసింది. హయగ్రీవరావు గారు గొడుగు కింద నిలబడి కళ్లు మూసుకున్నారు.

"ధర్మయ్యా, ఈ గడ్డికి ఎవరు అనుమతి ఇచ్చారు?"

"వానండి."

"వాన ఏ శాఖ?"

అదే రోజు పచ్చిక మొత్తం మీద టార్పాలిన్లు పరిచారు. వెలుతురు తగలక గడ్డి చక్కగా పాలిపోయింది. చెట్టెక్కి ముదురాకులు తుంచి లేత ఎర్రచిగుళ్లు మాత్రం ఉంచమన్నారు. నేల మీద పరచడానికి ఎండు వేపాకు కావాలి, వానాకాలంలో ఎక్కణ్నుంచి వస్తుంది? వానలు పడని జిల్లా నుంచి లారీలో తెప్పించారు. దారిలో తడిస్తే గ్లాసు హౌసులో ఫ్యాన్ల కింద ఆరబెట్టి, ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే పేర్చారు. ఇన్నాళ్లూ ఆకులు ఊడ్చిన వాళ్లే ఇప్పుడు ఆకులు పేరుస్తున్నారు. చేతులు పాత అలవాటుతో చీపురు వైపు పోతుంటే ధర్మయ్య తిట్టేవాడు.

"ఇది తిరగబడింది," అనేవారు హయగ్రీవరావు గారు, మోకాళ్ల మీద వంగి. "ఫొటోలో ఈ ఆకు బోర్లా ఉంది. చరిత్రను వెల్లకిలా పడుకోబెట్టకండి."

ఎర్రకుక్క ఈనింది. పిల్లల్ని 'అనధికార చేర్పులు' అన్నారు. లోవరాజు వాటిని గోనెలో వేసుకుని బస్టాండు అవతల వదిలొస్తే తల్లి కూడా వాటి వెంటే పోయింది. బెంచీ కింద కుక్క ఖాళీ. ఆ సాయంత్రమంతా లోవరాజే బెంచీ కింద పడుకున్నాడు. మర్నాడు పిల్లలతో సహా కుక్కని బతిమాలి తీసుకొచ్చాడు. పిల్లల మీద నేల రంగు గోనె కప్పారు.

ఇక నా రెండో మైకు. ఫొటోలో ఎర్రలైటు వెలుగుతోంది కాబట్టి మైకు ఆన్‌లో ఉండాలన్నారు. కార్యక్రమం అయ్యేదాకా స్పేరు మైకు ఆపకూడదనేది మా మైకు వాళ్ల పద్ధతి. అసలుది మొరాయిస్తే వెంటనే అందించాలి కదా. ఆ పద్ధతి ఇప్పుడు నా నెత్తికి చుట్టుకుంది. మైకు ఉన్నది వాళ్లిద్దరి మధ్య. హారను ఉన్నది నా చెవి దగ్గర. మిగతా హారన్లు బస్టాండు వైపు.

మొదట్లో ఇద్దరూ నోరు విప్పలేదు. వాన మొదలయ్యాక, టార్పాలిన్ల మీద చినుకులు పడుతుంటే, మొహాలు అటూ ఇటూ ఉంచుకునే మొదలెట్టారు.

"నీవల్లే ఇదంతా," అంది మా అమ్మాయి గొంతు, నా చెవిలో, ఆకాశమంత పెద్దగా.

"నావల్లేంటి? మీ నాన్నని వచ్చి అడుగుతానంటే నువ్వేగా వద్దన్నావ్?"

"డీజే మానెయ్యి, అప్పుడు అడుగు అన్నాను. నువ్వేమన్నావ్?"

"మీ నాన్నని ఆ రేకు హారన్లు పారెయ్యమను అన్నాను. తప్పేంటి? అందులో భజన పెట్టినా బస్టాండులో బస్సు పేర్లు చదువుతున్నట్టుంటుంది."

నిచ్చెన మీద నా కాలు జారింది. "కదలకు బావా!" అని లోవరాజు ఈల వేశాడు. అంటే వీళ్ల పోట్లాట నా హారన్ల మీదన్నమాట. ఉగాది నాడు నా కూతురు మొహం తిప్పుకున్నది నా కోసమన్నమాట. చేతులు రెండూ హారను మీదే ఉండాలి కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు.

బస్టాండు జనానికి ఇది అలవాటైంది. సాయంత్రమయ్యేసరికి మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని ప్రహరీ అవతల చేరేవారు. బస్సు వచ్చినా ఎక్కేవారు కాదు. కండక్టరే దిగి వినేవాడు. "నిన్న ఎంతవరకు వచ్చిందండి?" అని కొత్తవాళ్లు అడిగితే పాతవాళ్లు చెప్పేవారు. కవిగారు అసూయతో తెరిచిన నోరు ఇంకాస్త తెరిచారు.

"మీకు వినపడుతోందమ్మా బయటికి!" అని నేను నిచ్చెన మీంచి పళ్ల మధ్య నుంచి అన్నాను. నా గొంతు వాళ్లకి అందలేదు. నా దగ్గర మైకు లేదు.

ఒక సాయంత్రం వీరబాబు అన్నాడు: "సరే. ఊరేగింపులో ముందు నా బాక్సులు. వెనక మీ నాన్న హారన్లు. నేనే చెట్లెక్కి కడతాను. ఆయనకి మోకాళ్లు బాలేవు."

"నీకెవరు చెప్పారు?"

"రోజూ చూస్తున్నానుగా, ఓరకంట. దిగేటప్పుడు నిచ్చెన పట్టుకుని అలా నిలబడిపోతున్నారు పాపం."

ప్రహరీ అవతల పొత్తులు నమలడం ఆగిపోయింది. తర్వాత మా అమ్మాయి నవ్వింది. నా హారన్లలో అంత మంచి శబ్దం అంతకుముందెప్పుడూ రాలేదు. బస్టాండంతా చప్పట్లు.

"నవ్వకూడదమ్మా!" లోవరాజు ఈల వేస్తూ పరిగెత్తుకొచ్చాడు. "ఫొటోలో నవ్వు లేదు! మింగెయ్! మింగెయ్!"

ఇంటికొచ్చేసరికి మంగతాయారు గుమ్మంలోనే ఉంది. "ఊరంతా వినేసింది. ఇంక వినాల్సినవాళ్లెవరూ మిగల్లేదు. మీరొక్కరే ఊ అనాలి."

"హారను నా చెవి దగ్గరే ఉందే. నీకంటే ముందు విన్నాను."

"అయితే ఊ అనండి."

అన్నాను. మోకాళ్ల మాట వాడు ఎత్తకపోయుంటే ఇంకో నెల బిగదీసేవాణ్ని.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నలుగురం వెళ్లి హయగ్రీవరావు గారికి విన్నవించుకున్నాం. ఆయన ఫైల్లోంచి ఫొటో తీసి చూసుకున్నారు.

"వివాహానికి మాకు అభ్యంతరం లేదు," అన్నారు. "అనురాగానికి ఉంది."

"అదేంటండి బాబూ?" అంది మంగతాయారు.

"పెళ్లయినవారు సాయంకాలాలు విముఖంగా కూర్చోగలరన్న హామీ ఏది? కొత్తలో అసలు సాధ్యం కాదు. పైగా మంగళసూత్రం, నల్లపూసలు ఇత్యాది అలంకరణలు ఛాయాచిత్రంలో లేవు. కాలక్రమేణ యువతి శరీరంలో రాగల మార్పులు..."

"ఆ మాట పూర్తిచేశారంటే ఈ గ్లాసు హౌసులో గ్లాసు మిగలదు," అంది మా ఆవిడ.

ఆయన మాట మార్చారు. అయితే ఒక దారుందన్నారు. ఇలాగే విముఖంగా కూర్చోగల మరో జంట దొరికితే వీళ్లకి విముక్తి. మాఘమాసం దాటితే మూఢం. వీరబాబు వాళ్లు మూఢం దాటాక మాట నిలబెట్టుకుంటారో లేదో మాకు బెంగ. ఆలోగా జంట దొరకాలి.

దండోరా వేయించారు. 'విముఖ స్థితిలో ఆసీనులు కాగల దంపతులు కావలెను. అనుభవజ్ఞులకు ప్రాధాన్యము.'

ఊరు ఊరంతా వచ్చేసింది. గేటు దగ్గర మొదలైన వరస బస్టాండు చుట్టి, చేపల మార్కెట్టు దాటి, కాలువ వంతెన దాకా వెళ్లింది. వరసలోనే సగం మంది సాధన మొదలెట్టేశారు. "నీవల్ల వెనక నిలబడ్డాం." "నువ్వు చీర మూడుసార్లు మార్చకపోతే ముందుండేవాళ్లం." హయగ్రీవరావు గారు ఆ వరసని చూసి, "ఎంతటి సంపద ఉన్న ఊరు!" అన్నారు.

పరీక్ష తేలికే. బెంచీ మీద ఆ చివరా ఈ చివరా కూర్చుని పొద్దువాలేదాకా మొహాలు తిప్పుకుని ఉండాలి. కానీ ఆ బెంచీలో ఏముందో ఏమో! రిటైరైన మాస్టారు దంపతులు రాళ్లలా కూర్చున్నారు, అందరం ఖాయమనుకున్నాం. ఇంతలో ఆవిడ ఇటు తిరక్కుండానే చెయ్యి చాపి ఆయన భుజం మీది దారప్పోగు తీసేసింది. స్పర్శ! ఫెయిలు. ఇంకొకాయన కునుకుపట్టి భార్య ఒళ్లో పడ్డాడు. ఆవిడ చెంగుతో దోమలు తోలుతూ కూర్చుంది. ఫెయిలు. విడాకులకి ప్లీడర్లని పెట్టుకున్న జంట ఒకటి ప్లీడర్లతో సహా వచ్చింది. మొహాలు తిప్పుకునే, పిల్లాడి చిన్నప్పుడు వాడికి అమ్మవారు పోసినప్పటి సంగతేదో మొదలెట్టారు. చివరికి ఇద్దరూ లేచి హోటలుకి పెసరట్టు తినడానికి వెళ్లిపోయారు. ప్లీడర్లు మిగిలారు. కాసేపు వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి చూశారు గానీ, ఆడమనిషి తగ్గుతుందని వదిలేశారు.

"ఈ ఊళ్లో పటిష్టమైన విముఖత కొరవడింది," అన్నారు హయగ్రీవరావు గారు దిగులుగా. చలి మొదలైపోయింది. సత్యవేణి మళ్లీ బెంచీ ఎక్కింది. ఈసారి దిగులుతో ఇద్దరూ మాట్లాడుకోవడమే మానేశారు. బస్టాండు జనం పొత్తులు కొని, తినకుండా ఇంటికి పట్టుకుపోయారు.

ఆ చలికాలమే పుష్ప ప్రదర్శన. ఫొటోలో మళ్లలో మోళ్లున్నాయి కాబట్టి ప్రదర్శనలో మోళ్లే పెట్టాలన్నారు. న్యాయనిర్ణేతలు వచ్చి చామంతి మోళ్లనీ డేలియా మోళ్లనీ భూతద్దంతో చూశారు. "ఈ మోడులో నిరాశ స్పష్టంగా ఉంది," అని ఒకాయన మెచ్చుకున్నాడు. ఓ కుండీలో చిన్న మొగ్గ కనబడితే ఆ కుండీని అనర్హం చేశారు. మొదటి బహుమతి ధర్మయ్యకే. "నీళ్లు పోయకుండా వచ్చిన బహుమతి ఇదొక్కటేనండి," అని కప్పు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

అలా చూస్తున్నవాణ్ని పట్టుకుని నేను అడిగాను: "పూలు వెయ్యకుండా ఎలా ఉండగలుగుతున్నావ్ ధర్మయ్యా?"

"ఉండట్లేదుగా," అన్నాడు గొంతు తగ్గించి. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. సర్వేయరు నిలబడి ఫొటో తీసిన చోటు దాటి, ఆ వెనక్కి. ఫొటోలో ముందున్నదే పడుతుంది కదా, తీసినవాడి వీపు వెనకున్నది పడదు! అక్కడ ధర్మయ్య, ఆయన మనుషులు తోటలో సగం వేసేశారు. పసుపు చామంతులు, ఎర్ర డేలియాలు, బంతులు, మధ్యలో పచ్చగా తడిసిన గడ్డి. కుక్కపిల్లలు అక్కడ దొర్లుతున్నాయి. గెంటేసిన ఐదో శ్రోత అక్కడ కూర్చుని ఏదో పాడుకుంటున్నాడు.

"అయ్యగారు చూస్తే?"

"చూశారు. ఫొటోలో లేనిది లేదు అన్నారు. దాని మీంచి నడిచెళ్లిపోయారు."

అదే వారంలో హయగ్రీవరావు గారి భార్య శారదాంబ గారు క్యారేజీతో తోటకి వచ్చారు. ఆయన ఇంటికి భోజనానికి వెళ్లి చాలా రోజులైందట. ఆకులు సర్దుతూ గ్లాసు హౌసులోనే నిద్ర. ఆవిడ బెంచీ మీద మా పిల్లలిద్దర్నీ చూసి, "కాసేపు జరగండమ్మా," అని వాళ్లని లేపి ఆ చివర కూర్చుంది.

"ఇంట్లో మనిషి బోర్లా ఉందో వెల్లకిలా ఉందో ఏనాడైనా చూశారా మీరు?"

"శారదా, ఇది కార్యాలయ స్థలం."

"క్యారేజీ ఇక్కడ పెట్టాను. తింటే తినండి." మొహం అటు తిప్పేసుకుంది.

ఆయనకీ కోపం వచ్చింది. ఈ చివర కూలబడి మొహం ఇటు తిప్పేసుకున్నారు. మైకు మధ్యలో ఉంది. హారన్లో ఊపిరి కూడా వినపడలేదు. నిచ్చెన మీద ఉన్న నాకు చలి వేసింది, అంత నిశ్శబ్దం. పొద్దువాలింది. దారప్పోగు లేదు, కునుకు లేదు, పాత కబురు లేదు. లోవరాజు బెత్తంతో కొలిచాడు, గేటు దాకా పరిగెత్తి ఫొటో చూసొచ్చాడు.

"అయ్యగారూ! కదలకండి!" అని అరిచాడు. "అచ్చు గుద్దినట్టున్నారండి! అసలు వాళ్లకంటే బాగుందండి!"

హయగ్రీవరావు గారు నిజాయితీపరుడు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. నియమం అందరికీ ఒకటే అని, తల తిప్పకుండానే చెయ్యి చాపి కాగితం అడిగి, మోకాలి మీద పెట్టుకుని తమని తామే నియమించుకుంటూ సంతకం చేశారు. శారదాంబ గారు కూడా ఒప్పుకున్నారు. "రోజూ సాయంత్రం పక్కన కూర్చోవడం పెళ్లైన కొత్తలో కూడా జరగలేదు," అన్నారు. ఆ మాట హారన్లో వినపడింది. ఆయన మెడ కాస్త వణికింది గానీ తిరగలేదు.

మాఘంలో మిగిలిన ముహూర్తం ఒక్కటే, గోధూళి వేళది. సరిగ్గా నేను నిచ్చెన మీద ఉండాల్సిన వేళ. కన్యాదానం చెయ్యాల్సిన తండ్రి చెట్టు మీద ఉంటే ఎలా? మంగతాయారు నా గళ్ల చొక్కాలో గడ్డి కూరి నిచ్చెనకి కట్టింది. లోవరాజు చూసి, "బావా, ఏమీ అనుకోకు. నీకంటే వీడే నయం. గోక్కోడు," అన్నాడు. అయితే బొమ్మ జారితే వెంటనే ఎక్కడానికి వీలుగా పెళ్లి తోటలోనే చెయ్యాలన్నాడు. సరే, ధర్మయ్య పూలున్న చోటే వేశాం పందిరి. ఆ చోటు లేనేలేదు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

బాక్సులు నేల మీద, హారన్లు చెట్ల మీద. నా హారన్లు వీరబాబే కట్టాడు, పెళ్లిబట్టలతో. పెళ్లికి బస్టాండంతా వచ్చింది. బస్సులు డ్రైవర్లు లేక నిలిచిపోయాయి. సత్యవేణి జడ నిండా తెల్ల చామంతులు. పంతులుగారు తాళి అందించారు. వీరబాబు మొదటి ముడి వేశాడు, రెండో ముడి వేశాడు.

అప్పుడు చూశాను, గేటులోంచి వస్తున్న మనిషిని. చేతిలో టీ గ్లాసు. రెండో చేతిలో ఫోను. సర్వేయరు.

"తోటలో వెనక భాగం కూడా హోదాలో కలపమని పై నుంచి వచ్చిందండి," అన్నాడు మొహమాటంగా. "పెళ్లి చేసుకుంటూ ఉండండి. ఒక్క ఫొటో. ఫైలుకి ఒకటి చాలు."

నాకు మొత్తం కళ్లముందు కనబడింది. నా కూతురు ప్రతి సాయంత్రం తలొంచుకుని అక్కడే కూర్చుంటుంది. అల్లుడు ప్రతి సాయంత్రం రెండు ముళ్లు వేసి చేతులు అలాగే పెట్టుకుంటాడు. మూడో ముడి పడదు. జీవితంలో పడదు. ఇంకో రెండు గుటకల్లో వాడి టీ అయిపోతుంది.

"నాన్నా, కదులు!" అని అరిచింది సత్యవేణి, తలెత్తి. "అందరూ కదలండి! ఎవరూ ఆగకండి!"

వీరబాబు కాలితో బాక్సుల స్విచ్చి నొక్కాడు. నేల దడదడలాడింది. నేను ఒక్క గంతులో ఆంప్లిఫయరు దగ్గరికి పోయి హారన్లు వదిలాను. మంగతాయారు తలంబ్రాలని పళ్లెంతో సహా గాల్లోకి విసిరింది. పంతులుగారు మంత్రం ఆపకుండా పంచె ఎగ్గట్టి గెంతారు. కండక్టర్లు, మాస్టారు దంపతులు, ప్లీడర్లు, పెసరట్టు జంట, అందరూ ఊగారు. ధర్మయ్య చామంతుల్ని పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ, "మీరూ కదలండమ్మా!" అని బతిమాలాడు. సత్యవేణి లేచి ఎగురుతోంది, వీరబాబు తాళి కొసలు వదలకుండా ఆమె వెనకే ఎగురుతూ, మూడో ముడి గాల్లో వేశాడు. బెంచీ మీద హయగ్రీవరావు గారు, శారదాంబ గారు మాత్రం అటూ ఇటూ చూస్తూ బిగుసుకుని ఉన్నారు. ఆయన చెప్పు ఒకటి తాళం వేస్తోందని లోవరాజు తర్వాత చెప్పాడు. ఈల మాత్రం వెయ్యలేదట.

సర్వేయరు ఫొటో తీశాడు. ఒకటే.

దాన్ని కూడా లారీ అంత పెద్దది చేసి నిలబెట్టారు. అందులో మనుషులెవరూ లేరు. పసుపూ ఎరుపూ తెలుపూ కలిసిపోయిన గీతలు, పొగలాంటి చేతులు, ఎక్కడో ఓ కుక్కపిల్ల తోక. పై ఆఫీసులో చాలాకాలం చూసి, చివరికి ఆర్డరు పంపారు: "సదరు వెనుక భాగమున జనులు, జంతువులు, పుష్పజాతులు ఎల్లవేళల సంచలన స్థితియందే పరిరక్షింపబడవలెను. ఎవరును నిశ్చలముగా నిలబడరాదు."

అప్పట్నుంచి తోట వెనక సగంలో ఆగినవాడికి జరిమానా. ముసలివాళ్లు ఊగుతూ కబుర్లు చెప్పుకుంటారు. ఋతువులు వచ్చి పోతూ ఉండాలి, ఆగకూడదు కాబట్టి ధర్మయ్యకి ఏ పువ్వు కావాలంటే ఆ పువ్వు. నేను కూడా సాయంత్రాలు వెళ్లి, మోకాళ్లు పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉంటాను. నిచ్చెన మీద గడ్డివాడు నాకంటే సుఖపడుతున్నాడు.

నిన్న మా అమ్మాయి, అల్లుడు అక్కడ దేనికో గట్టిగా పోట్లాడుకున్నారు. అది ముందు విసవిసా నడుస్తుంటే వాడు వెనక చేతులు తిప్పుకుంటూ, "విను, విను," అంటూ పోయాడు. చామంతుల చుట్టూ తిరిగారు, బంతుల చుట్టూ తిరిగారు, నవ్వారు, మళ్లీ పోట్లాడుకున్నారు. ఒక్క క్షణం ఆగలేదు. లోవరాజు ఈల నోట్లో పెట్టుకుని, వాళ్లనే చూస్తూ, నోరు తెరిచి నిలబడిపోయాడు. కాసేపటికి కిందికి చూసుకున్నాడు. తన మీద తనే గట్టిగా ఒక ఈల వేసుకుని, గెంతడం మొదలెట్టాడు.